ఆగిన లారీని ఎవరు పట్టుకున్నారు? ఆటో హోల్డ్ గురించి ఒక ప్రసంగం

(లారీ డ్రైవర్లకూ బండ్ల ఓనర్లకూ జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు కూడా ముందుకి వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. మీలో కొత్త బండ్లు నడిపేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సరే, సగం పైనే ఉన్నారు. ఆ బండ్లలో ఆటో హోల్డ్ అనో, బ్రేక్ హోల్డ్ అనో ఒక బటన్ ఉంటుంది. ఆగిన బండిని, మీరు పెడల్ మీద కాలు తీసినా, బ్రేకుతో పట్టి ఉంచేది. దాన్ని రోజూ వాడేవాళ్లు ఎంతమంది? చూశారా, చాలా చేతులు దిగిపోయాయి. ఇంకొక్కటి అడుగుతాను. అది వేసి ఉంచి, పార్కింగ్ బ్రేక్ వేయకుండా ఎప్పుడైనా కిందికి దిగినవాళ్లు? ఎవరూ ఎత్తరు. ఎత్తరని నాకూ తెలుసు. పర్వాలేదు, మనసులో ఎత్తుకోండి.

ఈ బటన్ గురించి నాకు రెండు రకాల మాటలు వినపడుతుంటాయి. పాత డ్రైవర్లేమో, "అదంతా కాలు కదపడానికి బద్ధకించేవాళ్లకండీ, మాకెందుకు" అంటారు. కొత్తగా వచ్చిన పిల్లలేమో, "అది ఉంటే ఇంక బండి కదలదు సార్" అంటారు. ఇద్దరి మాటా తప్పే. పాతవాళ్లు దాని ఉపయోగాన్ని తక్కువ చేస్తున్నారు, కొత్తవాళ్లు దాని హద్దు తెలుసుకోవడం లేదు. నేను ఇవాళ మీ చేత అలవాటు చేయించాలనుకున్నది ఒక్కటే. బండి ఆగిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకోండి. ఇప్పుడు ఈ బండిని ఎవరు పట్టుకున్నారు? నా కాలా? గాలా? స్ప్రింగా? ఈ మూడింటిలో ఏదో ఒకటి చెప్పగలిగితే చాలు, ఆటో హోల్డ్ మీకు సగం వచ్చేసినట్టే.

అసలు ఎయిర్ బ్రేకు ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చెప్పేసుకుందాం. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. పెడల్ నొక్కితే ట్యాంకులో ఉన్న గాలి చక్రం దగ్గరున్న బ్రేక్ ఛాంబర్‌లోకి వెళ్తుంది. అక్కడ రబ్బరు డయాఫ్రమ్‌ను తోస్తుంది. డయాఫ్రమ్ రాడ్‌ను తోస్తుంది, బ్రేకు పడుతుంది. పెడల్ వదిలేస్తే ఛాంబర్‌లో గాలి బయటికి పోతుంది. ఆ 'చుస్స్' మనే చప్పుడు అదే. ఇది సర్వీస్ బ్రేకు. ఇక్కడ పట్టుకునేది గాలి. గాలి ఉన్నంతసేపే పట్టు.

ఇప్పుడు పార్కింగ్ బ్రేకు. ఇది తలకిందులు. వెనక ఛాంబర్లలో ఒక పెద్ద స్ప్రింగు బలంగా అదిమిపెట్టి ఉంటుంది. దాన్ని అదిమిపెట్టేదే గాలి. బండి నడుస్తున్నంతసేపూ గాలి ఆ స్ప్రింగును వెనక్కి పట్టి ఉంచుతుంది. మీరు పార్కింగ్ లివర్ వేయగానే ఆ గాలి బయటికి పోతుంది, స్ప్రింగు విచ్చుకుంటుంది, బ్రేకు బిగుసుకుంటుంది. మళ్లీ స్ప్రింగు పూర్తిగా వెనక్కి పోవాలంటే సుమారు 5, 6 బార్ ఒత్తిడితో గాలి కావాలి. పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేసి గాలి ఎక్కేదాకా బండి కదలకపోవడానికి కారణం అదే. ఇక్కడ పట్టుకునేది స్ప్రింగు. గాలి అయిపోయినా పట్టుకుంటుంది. ఇంజన్ ఆపేసినా పట్టుకుంటుంది. మీరు నిద్రపోయినా పట్టుకుంటుంది.

తేడా తెలిసిందా? సర్వీస్ బ్రేకుతో పట్టుకోవడం అంటే తలుపును చేత్తో నొక్కిపట్టి నిలబడటం. పార్కింగ్ బ్రేకు అంటే గడియ పెట్టడం. రెండూ తలుపును మూసే ఉంచుతాయి. కానీ మీరు అక్కడినుంచి వెళ్లిపోయాక మూసి ఉండేది ఒక్కటే.

గాలి పోతే బ్రేకు పడాలి గానీ వదలకూడదు అన్న ఈ ఆలోచన లారీల కంటే చాలా పాతది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్లకి ఎయిర్ బ్రేకు తెచ్చాడు. ఆ మొదటి దాంట్లో గాలి వెళ్లి బ్రేకు వేసేది. గొట్టం తెగితే? బ్రేకు లేదు, అంతే. అందుకని 1872 నాటికి దాన్ని తిరగేశాడు. గొట్టంలో ఒత్తిడి తగ్గితే బ్రేకు పడేలా మార్చాడు. బోగీలు విడిపోతే వాటంతట అవే ఆగేలా చేశాడన్నమాట. మీ బండిలో స్ప్రింగ్ బ్రేకు తయారీ వేరు గానీ బుద్ధి మాత్రం అదే. ఇది ఎందుకు చెప్పానంటే, ఆటో హోల్డ్‌లో ఆ బుద్ధి ఉండకపోవచ్చు. ఆటో హోల్డ్ పట్టుకునేది గాలితో. అది మర్చిపోవద్దు.

సరే, ఇప్పుడు ఆటో హోల్డ్ ఏం చేస్తుంది? మీరు పెడల్ నొక్కి బండిని పూర్తిగా ఆపుతారు. చక్రాల సెన్సార్లు స్పీడు సున్నా అని చెప్తాయి. అప్పుడు మీరు కాలు తీసేస్తారు. మామూలుగా అయితే గాలి బయటికి పోవాలి. కానీ బ్రేకు ఈసీయూ, అంటే బ్రేకులను నడిపే చిన్న కంప్యూటర్, ఆ గాలిని పోనివ్వదు. వాల్వులు మూసేసి ఛాంబర్‌లోనే బంధిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద చిన్న లైటు వెలుగుతుంది. మీ కాలు నేల మీద ఉంది, బండి కదలట్లేదు. ఆయిల్ బ్రేకులున్న చిన్న బండ్లలో, పికప్‌లలో కూడా ఇదే తంతు. గాలి బదులు ఆయిల్ ఒత్తిడిని బంధిస్తారు, అంతే తేడా.

మళ్లీ ఎప్పుడు వదులుతుంది? మీరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు. కానీ తొక్కిన క్షణమే కాదు. ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, క్లచ్ మీదుగా చక్రాలకి చేరి, బండి వెనక్కి జారదు అన్నంత బలం వచ్చాకే వదులుతుంది. ఎంత బలం కావాలో దానికెలా తెలుసు? బండి ఎంత వాలులో ఉందో చెప్పే సెన్సార్ ఉంటుంది. బరువు ఎంతో కూడా అంచనా వేసుకుంటుంది. ఇంత టార్క్ ఇస్తే బండి ఇంత వేగంగానే కదిలింది, కాబట్టి ఇంత లోడు ఉండాలి అని లెక్క కడుతుంది. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే బెలోస్‌లో, అంటే బండిని మోసే గాలి సంచుల్లో, ఒత్తిడి చూసి కూడా లోడు పసిగట్టొచ్చు. ఇవన్నీ మీరూ చేస్తారు, ఇంజన్ శబ్దం విని, సీటు అదురు చూసి. కాకపోతే అది విసుక్కోకుండా ప్రతిసారీ చేస్తుంది.

ఎత్తు మీద ఆగిన బండి సంగతి కాస్త లెక్క వేసి చూద్దాం. ఇది నాకు ఇష్టమైన భాగం, కాబట్టి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. 40 టన్నుల బండి. 8 శాతం ఎత్తు. అంటే 100 మీటర్లు ముందుకు పోతే 8 మీటర్లు పైకి. ఆ ఎత్తు మీద ఆ బండిని వెనక్కి లాగే బరువు ఎంత? 40లో 8 శాతం. 3.2 టన్నులు. 3 టన్నుల పైచిలుకు బరువు మీ బండిని వెనక నుంచి లాగుతోంది. మీరు బ్రేకు మీద నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ మీద పెట్టాలి. క్లచ్ పట్టాలి. ఈలోపు ఏమవుతుంది?

పట్టుకునేవాడు ఎవరూ లేకపోతే మొదటి సెకనులో బండి 35 సెంటీమీటర్ల దాకా వెనక్కి వస్తుంది. ఇంతే కదా అనిపిస్తుంది. రెండో సెకను అయ్యేసరికి దాదాపు మీటరున్నర. మూడో సెకను అయ్యేసరికి 3 మీటర్లు దాటేస్తుంది. మొదటి సెకనుకి మూడింతలు కాదు, తొమ్మిదింతలు. జారడం ఎప్పుడూ అలాగే ఉంటుంది, మొదట మెల్లగా, తర్వాత ఒక్కసారిగా. మీ వెనక కారువాడు ఎంత దూరంలో ఆపుతాడు? మీరే చెప్పండి. మీటరు? ఒక్కోసారి అదీ ఉండదు. పైగా ట్రెయిలర్ వెనక అతుక్కుని ఆగినవాడు మీ అద్దంలోనే కనపడడు.

అందుకే ఈ సమస్యకి మందు వెతకడం ఇవాళ మొదలైంది కాదు. 1936లోనే అమెరికాలో స్టూడ్‌బేకర్ కార్లలో హిల్ హోల్డర్ అని ఒకటి వచ్చింది. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. బ్రేకు ఆయిల్ దారిలో ఒక చిన్న గుండు. కారు ఎత్తు మీద ముక్కు పైకెత్తి ఆగితే ఆ గుండు వెనక్కి దొర్లి దారి మూసేస్తుంది. క్లచ్ పెడల్ కింద నొక్కి ఉన్నంతసేపూ ఆ దారి మూసే ఉంటుంది, బ్రేకు పట్టే ఉంటుంది. క్లచ్ వదులుతుంటే తెరుచుకుంటుంది. ఎంత తెలివైన పనో చూడండి. వాలు కొలిచేది గుండు, డ్రైవర్ కదలబోతున్నాడని చెప్పేది క్లచ్ పెడల్. ఇవాళ ఈసీయూ చూసేదీ ఆ రెండు విషయాలనే.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. హిల్ స్టార్ట్ అసిస్ట్ వేరు, ఆటో హోల్డ్ వేరు. ఇది రాసుకోండి, రాసుకునేవాళ్లు. హిల్ స్టార్ట్ అసిస్ట్ మీరు బ్రేకు వదిలాక 2, 3 సెకన్లు పట్టుకుంటుంది, అంతే. ఈ లోపు మీరు కదిలితే కదిలినట్టు, లేకపోతే వదిలేస్తుంది. ఆటో హోల్డ్ అయితే మీరు కదిలేదాకా పట్టుకునే ఉంటుంది. ఒక బండిలో ఆటో హోల్డ్‌కి అలవాటు పడినవాడు, ఇంకో బండి ఎక్కి అందులో ఉన్నది హిల్ స్టార్ట్ అసిస్ట్ అని తెలియక, ఎత్తు మీద కాలు తీసి ఫోన్ వైపు చూశాడనుకోండి. రెండు సెకన్లు బండి బుద్ధిగా నిలబడుతుంది. అదే ప్రమాదం. మొదటి క్షణంలోనే జారితే ఉలిక్కిపడి తొక్కుతాడు. నిలబడింది కాబట్టి నమ్ముతాడు. తర్వాత జారుతుంది. బండి మారిన ప్రతిసారీ ఇందులో ఏది ఉంది అని అడగండి. అడిగితే మీ డ్రైవింగ్ తక్కువైపోదు.

క్లచ్ గురించి. మాన్యువల్ గేర్ బండిలో ఎత్తు మీద ఆగినప్పుడు చాలామంది ఏం చేస్తారు? హాఫ్ క్లచ్ మీద నిలబెడతారు. నవ్వుతున్నారంటే మీరూ చేస్తారన్నమాట. బండి కదలట్లేదు, ఇంజన్ తిరుగుతోంది, మధ్యలో క్లచ్ ప్లేటు రాసుకుంటోంది. ఆ వేడి ఎక్కడికి పోతుంది? ప్లేటులోకే. క్యాబిన్‌లోకి కాలిన వాసన వచ్చాక గానీ మనకి గుర్తురాదు. ఏఎంటీ బండ్లలో, అంటే గేర్లూ క్లచ్చూ మిషనే మార్చే బండ్లలో, ఇంకో రకం తప్పు. ఏఎంటీని చూసి ఆటోమేటిక్ కారనుకుంటారు. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో బ్రేకు వదిలితే బండి మెల్లగా పాకుతుంది, చిన్న ఎత్తు మీద నిలబడుతుంది కూడా. ఏఎంటీలో ఉన్నది మామూలు డ్రై క్లచ్చే. దాన్ని తొక్కేది మీ కాలు కాదు, మిషను, అంతే. యాక్సిలరేటర్ కొంచెం కొంచెం నొక్కుతూ ఎత్తు మీద నిలబెట్టారంటే లోపల జరిగేది మళ్లీ హాఫ్ క్లచ్చే. కాసేపటికి క్లచ్ వేడెక్కిందని వార్నింగ్ వస్తుంది. ఆటో హోల్డ్ వేసుంటే ఈ బాధే లేదు. ఆగి ఉన్నంతసేపూ పట్టుకునేది బ్రేకు, క్లచ్ విడిపోయి హాయిగా ఉంటుంది. ఓనర్లూ, ఈ ఒక్క ముక్క మీకోసం. కాలు నొప్పి సంగతి పక్కన పెట్టండి, క్లచ్ సంగతి చూసుకోండి.

ఇంక ఎత్తు లేని చోట, చదునైన రోడ్డు మీద ఇదెందుకు అంటారా? అసలు ఎక్కువ పనికొచ్చేది అక్కడే అంటాను నేను.

సిగ్నల్ దగ్గర ఆగారు. ట్రాఫిక్ మెల్లగా కదులుతోంది, ఆగుతోంది, కదులుతోంది. పెడల్ మీద కాలు. పదిసార్లు, యాభైసార్లు. అలసిపోతే కాలు ఏం చేస్తుంది? మీకు చెప్పకుండానే కొంచెం సడలుతుంది. బండి ఒక అడుగు ముందుకి జరుగుతుంది. రోడ్డు కొంచెం దిగుడుగా ఉంటే ఇంకొంచెం. మీరు పైన కూర్చున్నారు. మీ అద్దం కింద, బంపర్‌కి ఆనుకుని ఎవరు దాటుతున్నారో మీకు కనపడుతుందా? కనపడదు. పొట్టిగా ఉన్న మనిషైతే, చిన్న పిల్లయితే అసలు కనపడరు. ఆ ఒక్క అడుగే వాళ్లకి ప్రాణం మీదికి వస్తుంది.

ఇది నా భయమొక్కటే కాదు. బండి కదలబోయేటప్పుడు సరిగ్గా ముందున్న మనిషిని గుర్తుపట్టి డ్రైవర్‌కి చెప్పే ఏర్పాటు ఉండాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 159వ నంబరు ప్రత్యేకంగా పెట్టారు. యూరోపియన్ యూనియన్‌లో కొత్త మోడల్ పెద్ద బండ్లకి 2022 జులై నుంచి, అమ్మే ప్రతి కొత్త పెద్ద బండికీ 2024 జులై నుంచి అది తప్పనిసరి. ఆగిన చోటు నుంచి కదిలే ఆ ఒకటి రెండు సెకన్లు ఎంత చెడ్డవో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఆటో హోల్డ్ ఆ మనిషిని చూడదు. కానీ మీరు కావాలని తొక్కితే తప్ప బండి కదలకుండా చూస్తుంది. ఏమరుపాటున కదలడం, కావాలని కదలడం, ఈ రెంటి మధ్య గోడ కడుతుందన్నమాట. తొక్కే ముందు కింది అద్దం చూసుకోవడం మాత్రం మీ పనే.

ఇంకో చిన్న లాభం. చాలా బండ్లలో ఆటో హోల్డ్ పట్టుకుని ఉన్నంతసేపూ వెనక బ్రేకు లైట్లు వెలుగుతూ ఉంటాయి. పార్కింగ్ లివర్ వేసి కాలు తీస్తే ఆ లైట్లు ఆరిపోతాయి. రాత్రిపూట, మంచులో, క్యూ చివర్లో మీరే ఆఖరి బండి అయితే ఆ తేడా మీకు తెలుస్తుంది. మీకంటే ముందు, వెనక నుంచి వచ్చేవాడికి తెలుస్తుంది.

సరే, ఇంత పొగిడాను కదా. ఇప్పుడు ఎక్కడ ఆపేయాలో చెప్తాను.

గోడౌన్ ప్లాట్‌ఫారానికి రివర్స్ చేస్తున్నారు. అంగుళం అంగుళం వెళ్లాలి. ఆపిన ప్రతిసారీ అది పట్టేస్తుంది. వదిలించుకోవడానికి యాక్సిలరేటర్ తొక్కాలి. కొంచెం తొక్కితే వదలదు, ఇంకొంచెం తొక్కితే ఒక్క ఊపున వదులుతుంది. ప్లాట్‌ఫారం రబ్బరుకి ఠప్పుమని తగులుతుంది. అక్కడ ఆపేయండి. ట్రెయిలర్ కింద గుర్రాన్ని, అంటే ముందుండి లాగే ఇంజన్ బండిని, దూర్చేటప్పుడు, రెంటినీ కలిపే కింగ్ పిన్ తగిలించేటప్పుడు, ఇదే మాట. అక్కడ మీ కాలే మంచి పనిమంతుడు.

వే బ్రిడ్జి మీద. ఇది చాలామందికి తోచదు. మొత్తం బండి ఒకేసారి తూకానికి ఎక్కితే సరే. కానీ యాక్సిల్ యాక్సిల్‌గా తూచే చోట బ్రేకు పట్టి ఉంటే ఏమవుతుంది? చక్రాలు బిగుసుకుని ఉంటాయి, సస్పెన్షన్ స్వేచ్ఛగా సర్దుకోదు. ఒక యాక్సిల్ మీద ఎక్కువ, ఇంకో యాక్సిల్ మీద తక్కువ చూపించొచ్చు. చదునుగా ఉంటే బ్రేకు వదిలి తూచమనేది అందుకే. మీరు కాలు తీసేశారు కాబట్టి బ్రేకు లేదు అనుకుంటారు. డ్యాష్‌బోర్డు మీద లైటు చూడండి. ఎవరు పట్టుకున్నారు? గాలి పట్టుకునే ఉంది. బటన్ ఆపేయండి.

దిగుడులో, ముక్కు కిందికి పెట్టి లోడు బండి ఆగింది. కదలాలంటే యాక్సిలరేటర్ తొక్కాలా? లోడు బండిని కిందికి తొయ్యాలా? ఎవరి మనసూ ఒప్పదు, ఒప్పకూడదు కూడా. అప్పుడు కాలు బ్రేకు మీద గట్టిగా పెట్టి, బటన్ ఆపేసి, తగ్గట్టు లో గేరు వేసుకుని, కాలితోనే మెల్లగా వదులుకుంటూ దిగండి. వరస మారకూడదు. ముందు కాలు, తర్వాత బటన్.

జారుడు నేల గురించి ఎక్కువ చెప్పను. బురద, మంచు గడ్డ, చిమ్మిన ఆయిల్. బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది, నేలని పట్టుకునేది టైరు. టైరు పట్టు లేని చోట ఏ హోల్డూ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కిందికి దిగడం.

ఆటో హోల్డ్ వేసి ఉంది. సీటు బెల్టు తీశారు, తలుపు తెరిచారు. బండి ఏం చేస్తుంది? ఒక్క సమాధానం లేదు, బండిని బట్టి ఉంటుంది. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న బండి అయితే, అంటే లివర్ బదులు చిన్న స్విచ్ ఉండేది, చాలా మోడళ్లలో తానే పార్కింగ్ బ్రేకు వేసేస్తుంది. గాలి చేతిలోంచి స్ప్రింగు చేతికి మారుస్తుంది. మంచిదే. కానీ గాలి గొట్టాలతో నడిచే పాత రకం హ్యాండ్ లివర్ ఉన్న బండి? ఆ లివర్‌ను కదిపేది మీ చెయ్యి ఒక్కటే. కంప్యూటర్‌కి చెయ్యి లేదు. అది బజర్ కొట్టగలదు, డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా రాయగలదు. అంతకంటే ఏం చేయగలదు? ఏమీ చేయలేదు. మరి మీరు రేడియో గట్టిగా పెట్టుకుని, తలుపు తీసి, ఎవరో పిలుస్తుంటే కిందికి దూకేస్తే?

ఇంజన్ ఆపేశారు, సర్వీస్ బ్రేకులో ఎక్కడో చిన్న లీకు ఉంది. గాలి మెల్లగా తగ్గుతుంది. "తగ్గితే స్ప్రింగు దానంతట అదే పడుతుంది కదా సార్" అంటాడు ఒక తెలివైనవాడు. పడుతుంది, కానీ ఎప్పుడు? సర్వీస్ బ్రేకు గాలి, పార్కింగ్ బ్రేకు గాలి వేరు వేరు దారులు. ఒక దారిలో లీకైతే ఇంకో దారి గాలి పోకుండా మధ్యలో ప్రొటెక్షన్ వాల్వు ఉంటుంది. మీ భద్రత కోసం పెట్టిందే. దానివల్ల ఏమవుతుంది? ఇటు చక్రాన్ని పట్టుకున్న గాలి తగ్గిపోతుంటుంది, అటు స్ప్రింగును వెనక్కి పట్టి ఉంచిన గాలి అలాగే ఉండొచ్చు. పట్టుకునేవాడు వెళ్లిపోతున్నాడు, రెండోవాడు ఇంకా రాలేదు. బండి కదిలేది ఆ మధ్యలోనే.

ట్రెయిలర్ బండి వాళ్లకి ఇంకో మాట. యూరప్ పద్ధతి బండ్లలో పార్కింగ్ లివర్ వేసినా సరే, ట్రెయిలర్‌ను పట్టుకునేది చాలాసార్లు గాలే. గుర్రానికి స్ప్రింగు, ట్రెయిలర్‌కి గాలి. రాత్రంతా నిలిపితే ట్రెయిలర్ గాలి దిగిపోవచ్చు. అప్పుడు మొత్తం భారం గుర్రం స్ప్రింగుల మీదే పడుతుంది. అవి ఆపగలవా? అది చూసుకోవడానికే ఆ లివర్‌కి టెస్ట్ పొజిషన్ ఉంటుంది. పార్కింగ్ దాటి ఇంకాస్త నొక్కితే ట్రెయిలర్ బ్రేకు వదిలేస్తుంది, గుర్రం ఒక్కటే పట్టుకుంటుంది. బండి కదలకపోతే దిగొచ్చు. కదిలితే ఆ చోటు పనికిరాదు, ఇంకో చోటు చూసుకోండి. ఐక్యరాజ్యసమితి 13వ నంబరు బ్రేకుల నిబంధన ప్రకారం లోడుతో ఉన్న ఒంటరి బండిని పార్కింగ్ బ్రేకు 18 శాతం వాలులో నిలపాలి. ట్రెయిలర్ తగిలించి ఉంటే గుర్రం ఒక్కటే మొత్తాన్నీ 12 శాతం వాలులో నిలపాలి. అది బ్రేకులు మంచి కండిషన్‌లో ఉన్న బండి మాట. సర్దుబాటు తప్పిన బ్రేకుల మాట కాదు.

చెత్త లారీలు, ఇంటింటికీ సామాను వేసే బండ్లు నడిపేవాళ్లు ఉన్నారా? ఉన్నారు. మీకు ఇది వరమూ, ఉచ్చూ రెండూ. నిమిషానికోసారి ఆగడం, కదలడం. ప్రతిసారీ లివర్ వేయడం విసుగే, నాకు తెలుసు. అందుకే కొన్ని కంపెనీలు తరచూ ఆగే బండ్ల కోసం ప్రత్యేకంగా స్టాప్ బ్రేకు ఇస్తున్నాయి. బస్సుల్లో అయితే తలుపు తెరిచి ఉన్నంతసేపూ పట్టుకునే హాల్ట్ బ్రేకు ఉంటుంది. ఇవన్నీ డ్రైవర్ సీట్లో ఉన్నంతవరకే. సీట్లోంచి లేస్తున్నారా, లివర్ వేయండి. అర నిమిషం పనైనా సరే. బండి వెనక నిలబడి సామాను దించే మనిషికి అర నిమిషమూ ఒకటే, అరగంటా ఒకటే.

ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పండి అన్నా.

బ్రేకు లైనింగు, అదే చక్రాన్ని ఆపడానికి రాసుకునే పొర, తొందరగా అరిగిపోతుందా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. అరగదు. లైనింగు అరిగేది రాసుకున్నప్పుడు. చక్రం తిరుగుతూ ఉంటేనే రాపిడి. ఆగిన చక్రాన్ని గంటసేపు పట్టుకున్నా లైనింగుకి ఏమీ కాదు. అసలు బండిని ఆపేటప్పుడే అరుగుతుంది, అది ఆటో హోల్డ్ ఉన్నా లేకపోయినా ఆపాల్సిందే కదా. గాలి ఖర్చు కూడా పెరగదు. సడలించడం, మళ్లీ తొక్కడం, ఇలా పంపు కొట్టినట్టు కొడితేనే గాలి ఎక్కువ పోతుంది.

ఇంకెవరు? చివర్లో, తమ్ముడు. కదిలేటప్పుడు ఒక్కసారి ఉగ్గబట్టినట్టయి కుదుపుతో కదులుతోందంటున్నాడు. నువ్వు భయపడుతూ తొక్కుతున్నావు తమ్ముడూ. కొంచెం నొక్కి ఆగుతున్నావు. దానికేమో ఇంకా బలం చాలలేదు, వదలట్లేదు. నీకేమో అనుమానం వచ్చి ఒక్కసారిగా తొక్కుతున్నావు. మెల్లగానే తొక్కు, కానీ మధ్యలో ఆగకుండా తొక్కు. రెండు రోజుల్లో కాలికి లెక్క తెలిసిపోతుంది. అలా తొక్కినా కుదుపు పోకపోతే అప్పుడు వర్క్‌షాప్‌లో చూపించు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో ఏఎంటీకి మళ్లీ నేర్పించే పద్ధతి ఉంటుంది, అది చేస్తారు.

ఆఖరి ప్రశ్న. పాత బండికి ఇది బయట పెట్టించుకోవచ్చా అని ఓనర్‌గారు అడుగుతున్నారు. వద్దండి. ఎవరో ఒకరు గాలి లైనులో ఒక సోలనాయిడ్ వాల్వు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వు, ఒక స్విచ్ పెట్టి, ఇదిగో ఆటో హోల్డ్ అని చూపిస్తారు. పట్టుకుంటుంది కూడా. కానీ చక్రం ఆగిందో లేదో దానికి తెలియదు, వాలు తెలియదు, టార్క్ తెలియదు. బండి రోడ్డు మీద పోతుండగా ఆ వాల్వు మూసుకుని ఒక యాక్సిల్‌లో గాలి ఉండిపోతే, మీరు కాలు తీసినా ఆ డ్రమ్ములు రాసుకుంటూనే ఉంటాయి, వేడెక్కి టైరు దాకా అంటుకుంటుంది. పాత బండికి హ్యాండ్ లివర్ ఉంది కదా. ఎత్తు మీద లివర్ వేయండి, గేరు వేయండి, క్లచ్ పట్టుకునే చోటికి తెండి, ముక్కు కొంచెం లేచినట్టు తెలుస్తుంది, అప్పుడు లివర్ వదలండి. అది చాలు. ఇప్పుడు యార్డులోకి వెళ్దాం, రెండు బండ్లు సిద్ధంగా ఉన్నాయి, ఒకటి లివర్‌ది, ఒకటి స్విచ్‌ది. నేను చెప్పేదాకా చక్రాల దగ్గర దిమ్మలు ఎవరూ తీయకండి.